జరుగుర్రి, ఫోటోల పడుతున్నరు

పోయిన ఎండకాలం, చిన్నప్పుడు నాతోని పార్కుల ఆడుకున్న సరోజ కామారెడ్డిల బస్సెక్కి ఎల్లారెడ్డికి వచ్చి, చనిపోయి ఎన్నో ఏండ్లైన మా బాపును తిట్టిపోయింది. తిట్టినంక చాయ తాగింది. మా ఇంట్ల ఇది కొత్తేం కాదు. బాపు బతికున్నప్పుడు కూడా ముందు తిట్లు, తర్వాత చాయ.

"మీ బాపు మమ్మల్నందర్ని మింగిండన్నా," అన్నది గడపల కాలు పెట్టంగనే. చేతుల ఒక ప్లాస్టిక్ సంచి, సంచిల పాత ఫోటోలు. బీరువాలల్ల, గోడల మీది ఫ్రేములల్ల, దేవుని గూట్లల్ల ఉన్నవాటిని ఇంటింటికీ తిరిగి ఏరుకొచ్చింది. అన్నీ మా బాపు తీసినయే. అన్నీ కామారెడ్డి బస్టాండు వెనక ఉన్న చిన్న పార్కుల తీసినయే.

సంగతి ఏందంటే, ఆ పార్కు తీసేసి దుకాణాల కాంప్లెక్సు కడుదామని ఒక ఆఫీసు అనుకున్నది. పేరు చెప్తే బాధపడుతరు, కాబట్టి ఉత్త ఆఫీసు అనే రాస్త. కారణం కూడా మర్యాదగనే రాసిండ్రు: ఈ స్థలాన్ని జనం ఏనాడూ పెద్దగా వాడుకోలేదట. కాదనెటోళ్లు పాతకాలం ఆధారాలు పట్టుకొని రావాలన్నరు, ఫోన్లల్ల ఇప్పటి ఫోటోలు లెక్కకు రావన్నరు. సరోజా, ఆమెతోని రోజూ అక్కడ కూసొని బీడీలు చుట్టే ఆడోళ్లూ ఆధారమంటే ఫోటోనే కదా అనుకొని, తలా ఒకటి పట్టుకొని పోయిండ్రు. ఆఫీసరు చిన్న వయసాయన, నెమ్మదిగ మాట్లాడెటాయన. ఒక్కొక్కటే చేతిలకు తీసుకొని చూసి, "అమ్మా, అన్నింట్లోనూ పార్కు ఖాళీగానే ఉంది కదా," అన్నడట. అని, ఫోటోలకు నకళ్లు తీయించుకొని ఫైలుల పెట్టుకున్నడట.

సంచి తెరిచి నేనూ చూసిన. ఆయన అన్నదాంట్ల అబద్ధం లేదు. ప్రతి ఫోటోల ఒక ఆడామె, ఆమె కొంగు పట్టుకొని పిల్లలు, వెనక కనకాంబరం చెట్లు, ఒక కొమ్ము విరిగిన సిమెంటు జింక. ఇంకొక నరమానవుడు లేడు. ఆ ఒక్క కుటుంబాన్ని విడిచిపెట్టి లోకమంతా ఏదో గత్తర వచ్చి పోయినట్టుంది. కనీసం కుక్క కూడా లేదు. కామారెడ్డి బస్టాండు వెనక కుక్క పడకుండ ఫోటో తియ్యాలంటే ఎంత తిప్పలో ఆ ఊరోళ్లకే తెలుసు.

"పార్కు వోతె మేం యాడ కూసోవాలె అన్నా?" అన్నది సరోజ చాయ గ్లాసు కింద పెట్టి. "మాయి రేకుల ఇండ్లు. పగటీలి ఇంట్ల కూసుంటె ఆకు ఎండుతది, మేం ఎండుతం. ఎండిన ఆకు చుట్టంగ పలుగుతది. ఎండిన మనిషిని ఏం చెయ్యాల్నో ఎవలు చెప్పరు." ఆమె అడిగింది ఒక్కటే. మా ఇంట్ల ఇనుప సందుగల బాపు దాచిన నెగటివులున్నయి కదా, వాటిల్ల ఒక్కదాంట్లనన్న మంది కనబడుతరేమో చూడమని. నేను చూస్త అన్న. కని లోపల్లోపల నాకు తెలుసు, కనబడరని. ఎందుకు కనబడరో కూడా తెలుసు. ఆ తెలిసిన సంగతే ఇక్కడ రాస్తున్న.

మా బాపుది పుట్టుక ఎల్లారెడ్డి, ఆయన పోయినంక మేం మళ్ల వచ్చింది కూడా ఈడికే. అన్నదమ్ములు పొలం పంచుకున్నప్పుడు వాళ్లకు నీళ్లున్న దిక్కు వచ్చింది, ఈయనకు రాళ్లున్న దిక్కు వచ్చింది. రాళ్లను అమ్మి కెమెరా కొన్నడు. ఎల్లారెడ్డిల అప్పటికే ఒకాయన ఫోటోలు తీస్తున్నడని, పోటీ ఎందుకని, మమ్మల్ని తీసుకొని కామారెడ్డికి పోయిండు. కామారెడ్డిల నలుగురు తీస్తున్నరు. లెక్కలు మా వంశంల ఎవ్వరికీ రాలేదు, అందుకే నేను డిగ్రీల హిస్టరీ తీసుకున్న. స్టూడియోకు కిరాయి కట్టే స్తోమత లేదు, వెనక వేలాడదీసే రంగుల పర్దా కొనే స్తోమత అసలే లేదు. అందుకని బాపు పార్కునే పర్దా అనుకున్నడు. మిగిలిన పనంతా ఇంట్లనే.

ఇల్లంటే ఒక పెద్ద అర్ర, ఒక చిన్న అర్ర, వంటిల్లు. చిన్న అర్ర కిటికీకి నల్లగుడ్డ కొట్టి, తలుపు సందులల్ల చింకి గొంగడి కుక్కి, ఎర్ర బల్బు పెట్టుకొని బాపు లోపల ఫోటోలు కడుగుతుంటె, బయట మా అమ్మ పచ్చిపులుసు పిసికేది. అమ్మను మేం అవ్వ అనేటోళ్లం. ఫోటోలు కడిగే హైపో మందు వాసనా చింతపండు వాసనా కలిసి ఇల్లంతా ఒక పులుపు పట్టి ఉండేది. బడికి పోతె పక్కన కూసున్న పోరడు నన్ను వాసన చూసి, ఇయ్యాల మీ ఇంట్ల పెండ్లి ఫోటోలా పుట్టువెంట్రుకల ఫోటోలా అని అడిగేటోడు. మందుల నుంచి తీసిన ఫోటోలను మంచినీళ్లల్ల నానబెట్టాలె. వేరే తొట్టి లేదు, ఉన్నది ఒకటే గోలెం. స్నానానికి ముంత ముంచితె ఎవరో ఒకలు పిల్లాజెల్లతోని పైకి తేలేటోళ్లు. "గోలెం నిండ మందే ఉన్నరు, నేను నీళ్లు ఏడికెళ్లి ముంచాలె?" అని అవ్వ మొత్తుకునేది. బాపు లోపలి నుంచే, "పక్కకు జరిపి ముంచు," అనేటోడు. కడిగిన ఫోటోలు దండెం మీద ఆరేటియి. మా లాగుల పక్కన రాజంపేట ఆడబిడ్డలు, అవ్వ లంగాల పక్కన పెద్దకొడప్‌గల్ పట్వారీ. మా ఇంట్ల మర్యాదకు తక్కువ లేకుండె.

బాపు నవ్వంగ నేను పెద్దగ చూడలేదు. తెల్ల అంగీ, జేబుల దువ్వెన. దువ్వెన తన కోసం కాదు, ఫోటో దిగే పిల్లల కోసం. ఆయనది పైనుంచి తల వంచి చూసే పెట్టె కెమెరా. అన్నదమ్ముల ముంగట, ఇంటి యజమాని ముంగట, బడిపంతులు ముంగట వంచని తలను ఆ పెట్టె ముంగట వంచేటోడు. ఆ కాసేపు అవ్వకు కూడా ఆయన మీద గౌరవం కలిగేదనుకుంట. ఎన్నడూ చెప్పలేదు.

ఐతారం వచ్చిందంటె పార్కు. అప్పటికే మా దిక్కు మొగోళ్లు సగం మంది దుబాయి, మస్కట్ పట్టిండ్రు. వాళ్లు అక్కడ ఎవరిదో కారుకు ఒరిగి నిలబడి ఫోటో పంపుతరు. ఇక్కడ ఆడోళ్లు బస్సెక్కి వచ్చి, తోటికోడలి చీర కట్టుకొని, పూలచెట్ల ముంగట నిలబడి ఫోటో పంపుతరు. ఆయన కారు ఆయనది కాదు, ఈమె చీర ఈమెది కాదు. రెండు దిక్కులా సమానంగనే ఉండేది. డోంగ్లి దిక్కు నుంచి వచ్చినోళ్లు మరాఠీల నవ్వి తెలుగుల పోజు పెట్టేటోళ్లు.

పార్కు చూద్దామంటె పెద్దగ ఏం లేదు. రెండు యాపచెట్లు, సిమెంటు బల్లలు, నాకు ఎరుకైన కాడి నుంచి ఒక్క చుక్క చిమ్మని ఫౌంటేను, ఒక రేడియో గూడు. కని మనుషులు మస్తుగ ఉండేటోళ్లు. యాపచెట్ల కింద ఆడోళ్లు వరుసగ కాళ్లు చాపుకొని, ఒళ్లె చాటలు పెట్టుకొని బీడీలు చుట్టేటోళ్లు. చాటల కత్తిరించిన తునికాకు, తంబాకు, దారం. చేతులు చాట మీద, నోర్లు లోకం మీద. ఎవరి కోడలు అలిగింది, ఎవరి మొగడు పైసలు పంపలేదు, ఏ బీడీ కార్ఖానల లెక్కలు చూసే ఏ ముకద్దం కట్టలను తక్కువ లెక్కవెట్టిండు, అన్నీ ఆడనే. ఇంకొక దిక్కు ముసలోళ్లు బల్ల మీద గీతలు చెక్కుకొని పచ్చీసు ఆడేటోళ్లు. ఉర్దూ పేపరు పైకి చదివే ఒక తాత, వినకుండ తల ఊపే ఇంకొక తాత. రేడియోల వార్తలు వచ్చేటప్పుడు పార్కంతా ఒక్కసారి సప్పుడు తగ్గి, దేశంల ఏం జరగలేదని తెలుసుకొని మళ్ల మొదలయ్యేది. ఆడోళ్లు ఊరికే కూసుంటె ఎందుకు కూసున్నవని అడగని జాగ కామారెడ్డిల అదొక్కటే ఉండె. గుడిల కూసున్నా అడుగుతరు.

ఇంత మంది ఉండంగ ఫోటోలల్ల ఒక్కరు కూడా పడకపోవుడు ఎట్లనంటరా? దానికి కారణం సాయిలు. సాయిలు పార్కుల పల్లీలు అమ్మేటోడు. ముసలోడు, మంచోడు, ఒక కన్ను సరిగ కానరాదు. బాపు పని మొదలు పెట్టిన కొత్తల, సరోజ వాళ్లమ్మ బాలవ్వను ఫోటో తీస్తుంటె ఆమె వెనక నుంచి గంప పట్టుకొని పోతున్నడు, ఫోటోల పడ్డడు. ఎవరూ పట్టించుకోలేదు. ఫోటో మస్కట్‌ల ఉన్న బాలవ్వ మొగనికి పోయింది. అక్కడ ఒకే రూంల ఉండే మా దిక్కోళ్లంతా చుట్టూ కూసొని చూసిండ్రట. ఎవడో ఒకడు, "వదినె ఎనుక గాయనెవరే?" అన్నడట. అంతే. ఫోటో తిరిగి వచ్చింది. సాయిలు తలకాయ చుట్టూ పెన్నుతోని సున్న చుట్టి ఉన్నది, కింద ఒక్క ముక్క: ఎవడు వీడు?

బాలవ్వ ఆ ఫోటో పట్టుకొని మా ఇంటికొచ్చి వాకిట్ల కూలబడ్డది. అవ్వ ఓదార్చింది. సాయిలును పిలిపిస్తే, ఆయన కనబడే కన్నుతోని ఫోటోను దగ్గరికి పెట్టుకొని చూసి, "నేను గింత మంచిగ పడ్తనని ఎన్నడు అనుకోలె," అన్నడు. బాలవ్వ ఏడుస్తనే నవ్వింది. బాపు నవ్వలేదు. నెగటివు మీదనే సాయిలును చక్కగ చెరిపి, ఆయన జాగల ఒక కనకాంబరం చెట్టు దిద్ది, ఫోటోను మళ్ల కడిగి మస్కట్‌కు పంపిండు. కాపురం నిలబడ్డది. ఆనాటికెళ్లి బాపు ఒక కట్టుబాటు పెట్టుకున్నడు: ఫోటో దిగెటోళ్లు తప్ప ఇంకొక మనిషి పడొద్దు, మనిషి ఆనవాలు కూడా పడొద్దు.

కెమెరా మెడల వేసుకొని పార్కుల నిలబడి, "జరుగుర్రి, ఫోటోల పడుతున్నరు!" అని కేక పెట్టేటోడు. అందరూ లేచి జరిగేటోళ్లు. ఎవ్వరూ గునిగేటోళ్లు కాదు, సాయిలు సంగతి అందరికీ తెలుసు కదా. జరిగి ఏడికి పోతరు? బాపు వెనకకు వచ్చి నిలబడేటోళ్లు. పచ్చీసు ఆట గవ్వలు పట్టుకొని ముసలోళ్లు, చాటలు ఎత్తుకొని ఆడోళ్లు, గంపతోని సాయిలు, పేపరు తాత, మేం పిల్లలం, ఆఖరుకు కుక్కలు. ఫోటో దిగే ఆమె కూడా చానసార్లు అంతకు ముందు దాకా వాళ్లల్ల ఒకతే. మొగనికి బీడీల సంగతి కనబడొద్దని తన చాటను పక్కామె ఒళ్లె పెట్టి, చేతులు కడుక్కొని, ముంగటికి పోయి నిలబడేది. ఇగ బాపు వెనక నుంచి అందరూ ఎకసెక్కాలు మొదలు పెట్టేటోళ్లు.

"ఓ బాలవ్వా, కొంగు జర సవరించుకో, గంత ఒళ్లు చేసినవని తెలిస్తె పైసలు తగ్గిస్తడు!"

"నవ్వకె, నవ్వకె, సుఖంగున్నదనుకుంటడు!"

"ఏడ్సినట్టు పెట్టకు, రేపే యిమానమెక్కి వస్తడు, మళ్ల నీకే తిప్పల!"

సాయిలు పల్లీల పొట్లం ఆడిస్తుంటె పిల్లలు నోర్లు తెరిచేటోళ్లు. బాపు తల వంచి, ఊపిరి బిగబట్టి, నొక్కేటోడు. అందుకే ఆ ఫోటోలల్ల ఎవ్వరూ కెమెరా దిక్కు చూడరు. పక్కకు, పైకి, ఎక్కడో చూస్తుంటరు. అందరి మొఖాలల్ల ఆపుకున్న నవ్వు. మస్కట్‌ల మొగోళ్లు, నన్ను తలుచుకొని నవ్వుతున్నదని మురిసెటోళ్లట.

ఇంకొక తిప్పల ఉండె. పొద్దు ఫోటోగ్రాఫరు వీపు మీద పడాలె, అది వాళ్ల పనిల మొదటి పాఠం. పొద్దుగూకంగ వీపు మీద పొద్దు పడితె, వెనక నిలబడ్డ మంది నీడలన్నీ గడ్డి మీద పారి ఫోటో దిగే ఆమె కాళ్ల దాకా పోతయి. మంది ఆనవాలు కూడా పడొద్దని బాపు కట్టుబాటు. అందుకని ఫోటో ఆరినంక కింది భాగం బ్లేడుతోని కోసేసేటోడు. ఒక్కొక్క ఫోటోకు ఒక పట్టీ. ఆ పట్టీలను అవ్వ పొయ్యి కాడ డబ్బాల వేసుకొని అంటువెట్టేటందుకు వాడేది. పచ్చికట్టెలు అంటుకోకపోతె రెండు పట్టీలు ఎక్కువ వేసేది. కామారెడ్డి మంది నీడలన్నీ అట్ల మా ఇంట్ల చాయ కాచినయి. ఇప్పుడు ఆలోచిస్తె, చాయ బాగనే ఉండేది.

సరోజ అడిగినందుకు సందుగ దించి, నెగటివులను ఒక్కొక్కటే కిటికీ వెలుతురుకు పెట్టి చూసినం. వాటిల్ల తెలుపు నలుపైతది, నలుపు తెలుపైతది. బాలవ్వ నల్లటి పండ్లతోని నవ్వుతున్నది. మంది లేరు. నేను అనుకున్నదే. ఇగ మూస్త అనంగ సరోజ నా చెయ్యి పట్టుకున్నది.

"అన్నా, కింద గా తెల్లగున్నయేంది?"

నీడలు. బాపు బ్లేడు కాయితాన్నే కోసింది, నెగటివును కొయ్యలేదు. నాకు ఆ ముచ్చటే మతికి రాలేదు. సరోజ కిటికీకి ఇంకా దగ్గరికి జరిగి, వేలుతోని చూపించుడు మొదలు పెట్టింది. "గీ కొప్పు మా పెద్దమ్మది, గంత పెద్ద కొప్పు ఎవరికి లేకుండె. గీ గుండ్రంది చాట, ఎండకు అడ్డం పెట్టుకున్నది. గీ గంప సాయిలు తాతది. గీ పొట్టోడు నువ్వే అన్నా, చెవులు సూడు." చెవులు చూసిన. నేనే. ఆమె ఎంతోసేపు ఆ నీడలను పేరుపేరునా పిలిచింది. వాళ్లల్ల బతికున్నోళ్లు తక్కువ. మా బాపును తిట్టుడు మాత్రం మళ్ల చెయ్యలేదు.

కామారెడ్డిల ఒక ఫోటో దుకాణంల ఇచ్చి నెగటివును మొత్తంగనే పెద్దగ ప్రింటు తీయమన్నం. దుకాణపాయన కంప్యూటర్ల చూసి, "కింద నీడలు పడ్డయి సార్, ఖరాబుగున్నది. క్రాప్ చెయ్యమంటరా?" అన్నడు. వద్దన్న, కని ఆయన తప్పేం లేదు. పని నేర్చుకున్నోడు ఎవడైనా అదే అడుగుతడు.

ఆఫీసరు మమ్మల్ని కూసోవెట్టి చాయ తెప్పించిండు. ఫోటోలు చూసిండు, మంచిగ చూసిండు. "ఇవి చెట్ల నీడలు కావచ్చు కదా?" అన్నడు.

"చెట్టుకు కొప్పు ఉంటదా సారూ?" అన్నది సరోజ.

ఆయన నవ్విండు. మంచి నవ్వు, మర్యాద ఉన్న నవ్వు. "మీ బాధ నాకు అర్థమవుతుందమ్మా. కానీ నీడలను ఆధారంగా రాసుకునే పద్ధతి మా దగ్గర లేదు. పైగా మీరు ముందే ఇచ్చిన ఫోటోలు ఫైల్లో ఉన్నాయి. వాటిలో పార్కు ఖాళీగా ఉంది. మీరు తెచ్చినవే కదా."

మేం తెచ్చినవే. ఫోటోలు సంచిల వేసుకొని లేచినం. బయటికి వచ్చినంక సరోజ మెట్ల మీద కూసొని, "మస్కట్‌ల ఉన్న ఒక్కడు అనుమానపడ్డడని ఊరంతా ఎనుకకు జరిగినం అన్నా. జరిగిన జాగలనే ఉండిపోయినం," అన్నది. నేను ఏదన్న హాస్యం ఆడుదామని చూసిన, అలవాటు కదా. దొరకలేదు.

ఇప్పుడు అందరి చేతులల్ల ఫోనున్నది, అందరూ ఫోటోలు తీస్తున్నరు, అన్నింట్ల అందరూ పడుతున్నరు. ఎవడూ ఎవడినీ జరగమనడు. కాకపోతె కూసునే జాగ పోయింది. యాపచెట్లు కొట్టేసిండ్రు. ఫౌంటేనును పలగ్గొట్టంగ అండ్ల నుంచి నీళ్లు చిమ్మినయట, పైపు బాగనే ఉండెనట. బీడీల ఆడోళ్లు ఎవరి రేకుల కింద వాళ్లు కూసొని, ఎవరి చాట వాళ్లు చూసుకుంట చుడుతున్నరు. ఆకు పలుగుతున్నది. ఎవరి కోడలు అలిగిందో ఇప్పుడు ఎవ్వరికీ తెల్వదు.

కాంప్లెక్సుకు శంకుస్థాపన రోజు సరోజ ఫోన్ చేస్తె పోయిన. శిలాఫలకం ముంగట పెద్దమనుషులు దండలతోని నిలబడ్డరు. ఎండ వాళ్ల మొఖాల మీద కొడుతున్నది. పేపరు ఫోటోగ్రాఫరు, మంచి పెద్ద కెమెరా, వెనకకు తిరిగి, "జరుగుర్రి, జరుగుర్రి, ఫోటోల పడుతున్నరు!" అన్నడు. నా చెవులు ఒక్కసారి నిక్కినయి. మంది జరిగిండ్రు. అలవాటున్న ఊరు. సరోజ జరగలేదు. ఆయన పక్కనే వీపుకు పొద్దు పెట్టుకొని నిలబడ్డది. చేతుల చాట ఉన్నది. ఆమె నీడ, చాట నీడ పోయి శిలాఫలకం మీద, పేర్ల మీద అడ్డంగ పడ్డది.

"అమ్మా, నీ నీడ పడుతున్నది, జర జరుగు," అన్నడు ఫోటోగ్రాఫరు.

"పడనీయ్ బిడ్డా," అన్నది సరోజ. "ఇంటికి వోయి కోస్కో. మా ఫోటోలాయన గట్లనే కోసేటోడు."

పెద్దమనుషుల్ల ఇద్దరు ముగ్గురు నవ్విండ్రు. ఫోటోగ్రాఫరు తల వంచి నొక్కిండు. మరునాడు ఎల్లారెడ్డి బస్టాండుల పేపరు కొని, నిలబడ్డ కాడనే తెరిచి చూసిన. పెద్దమనుషులున్నరు, దండలున్నయి, శిలాఫలకం సగానికి ఉన్నది. కోసిండు. శుభ్రంగ, చెయ్యి వణకకుండ కోసిండు. మా బాపు చూసి ఉంటే పనిమంతుడే అనేటోడు.